పాడైన వస్తువు పంపి సెల్లర్ పలకకపోతే: డబ్బు వెనక్కి రాబట్టుకునే పద్ధతి

ఆన్‌లైన్‌లో కొన్న మిక్సీ మూడో రోజే కాలిన వాసన కొడుతుంది. సెల్లర్‌కి మెసేజ్ పెడితే రెండు నీలం టిక్కులు పడతాయి గానీ జవాబు రాదు. యాప్‌లో చాట్ తెరిస్తే ‘48 గంటలు ఆగండి’ అంటారు. ఆ 48 గంటలు గడిచాక మళ్లీ ఇంకో 48. ఈలోగా రిటర్న్ గడువు కాస్తా దాటిపోతుంది. చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. చట్టం కొనేవాడి పక్షానే ఉంది, చేజారేది గడువులే.

అందుకే ‘ముందు సెల్లర్ సంగతి తేలనీ, తర్వాత బ్యాంకు సంగతి చూద్దాం’ అనుకోవద్దు. రిటర్న్ గడువు వస్తువును బట్టి 7 రోజులో 10 రోజులో ఉంటుంది. కార్డు వివాదానికి బ్యాంకు పెట్టిన గడువు వేరు. ప్లాట్‌ఫారమ్ ఫిర్యాదుల అధికారికి నెల రోజులు. వినియోగదారుల కమిషన్‌కి (కన్జ్యూమర్ కోర్టుకి) వెళ్లడానికి రెండేళ్లు. ఈ గడువులన్నీ ఒకేసారి నడుస్తుంటాయి, మీరూ అన్ని వైపులా ఒకేసారి కదలాలి.

ముందు వస్తువును కాపాడుకోండి

పక్క వీధి మెకానిక్‌కి చూపించి విప్పించారంటే కథ అక్కడితో అయిపోయినట్టే. ‘వస్తువును బయట విప్పారు’ అన్న ఒక్క మాటతో అటువాళ్లు చేతులు దులుపుకుంటారు. రేపు కేసు కమిషన్ దాకా వెళ్తే వస్తువును ల్యాబ్ పరీక్షకు పంపే అవకాశం చట్టంలోనే ఉంది. అప్పటికి అది వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండాలి. అట్టపెట్టె, థర్మాకోల్, లోపలి వారంటీ కార్డు, పెట్టె మీద అంటించిన కొరియర్ లేబుల్, ఏదీ పారేయకండి.

ఫిర్యాదు పెట్టేముందు ఒక్క పరీక్ష మాత్రం మీరే చేసుకోండి. చాలా మిక్సీలకు అడుగున ఒక చిన్న ఎర్ర బటన్ ఉంటుంది. లోడు ఎక్కువైతే అది బయటికి పొడుచుకొచ్చి మోటారును ఆపేస్తుంది. జార్ తీసి, కాసేపు చల్లారనిచ్చి, ఆ బటన్ లోపలికి నొక్కి మళ్లీ తిప్పి చూడండి. తిరిగి మళ్లీ ఆగకపోతే చాలావరకు అది లోడు ఎక్కువై ఆగిందే, వస్తువులో లోపం కాదు. గట్టి పసుపు కొమ్ములు ఆడించి మోటారు కాల్చుకున్నా అది వాడకంలో తప్పే, ఆ ఫిర్యాదు నిలవదు.

లోపం నిజమే అయితే వీడియో తీయండి. మధ్యలో ఆపకుండా ఒకే టేకులో, ఈ వరుసలో: పెట్టె మీది సీరియల్ నంబరు, మోటారు అడుగున స్టిక్కరు మీదున్న సీరియల్ నంబరు, ప్లగ్ పెట్టడం, స్విచ్ వేయడం, తర్వాత వచ్చే మోతో పొగో. నిమిషం చాలు. రెండు నంబర్లూ ఒకే వీడియోలో కనిపిస్తే ‘ఇది మేం పంపిన పీసు కాదు’ అనడానికి వీలుండదు. పార్శిల్ విప్పేటప్పుడు తీసిన వీడియో ఉంటే మరీ మంచిది. లేదని మాత్రం కుంగిపోకండి. అన్‌బాక్సింగ్ వీడియో లేకపోతే రీఫండ్ ఇవ్వం అన్నది అమ్మేవాళ్లు పెట్టుకున్న షరతు, చట్టం అలాంటి మెలిక ఏమీ పెట్టలేదు.

బ్రాండ్ వస్తువైతే ఇంకో గట్టి ఆధారం సంపాదించవచ్చు. కంపెనీ సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసి వాళ్ల మనిషితో చూపించండి, రిపేరు మాత్రం అప్పుడే ఒప్పుకోకండి. అతను రాసే జాబ్ షీట్‌లో ‘మోటార్ వైండింగ్ కాలింది, తయారీ లోపం’ అని ఒక్క లైను రాయించుకుంటే పది స్క్రీన్‌షాట్ల పెట్టు. ఊరికే ‘చెక్ చేశాం’ అని రాసి సంతకం అడిగితే పెట్టకండి.

రిటర్న్ బటన్ నొక్కాకే మాటలు

సెల్లర్ వాట్సాప్‌లో ఎంత తియ్యగా మాట్లాడినా, యాప్‌లో రిటర్న్ రిక్వెస్ట్ నమోదయ్యేదాకా ఫిర్యాదు లేనట్టే లెక్క. కారణం ఎంచుకునే చోట ‘పని చేయడం లేదు’, ‘పాడైన వస్తువు వచ్చింది’ లాంటివే నొక్కండి. త్వరగా ఒప్పుకుంటారని ‘ఇక అవసరం లేదు’ అని పెడితే మీ కేసును మీరే పాడుచేసుకున్నట్టు. లోపమున్న వస్తువు వెనక్కి ఇవ్వడం వేరు, మనసు మార్చుకుని ఇవ్వడం వేరు. చట్టం మొదటి దానికే అండగా ఉంటుంది.

పికప్ దగ్గర జరిగే గొడవలు ప్రత్యేకంగా చెప్పుకోవాలి. కొరియర్ అబ్బాయి రాకుండానే ‘కస్టమర్ రద్దు చేశారు’ అనో, ‘ఇంట్లో లేరు’ అనో స్టేటస్ పెట్టేయడం మామూలే. అలా పడిన నిమిషమే స్క్రీన్‌షాట్ తీసి, ‘నేను ఇంట్లోనే ఉన్నాను, ఎవరూ రాలేదు, ఫోన్ కాల్ కూడా రాలేదు’ అని చాట్‌లో రాయండి. సాయంత్రానికి రాస్తే దానికి అంత బలం ఉండదు. వస్తువు అతని చేతికిచ్చి, రసీదో స్టేటసో చూసుకున్నాకే ఓటీపీ చెప్పండి. ఇచ్చేముందు సీరియల్ నంబరు, ప్యాక్ చేసిన పెట్టె కనిపించేలా ఫొటో తీసుకోండి. ‘తిరిగొచ్చిన పెట్టెలో వేరే వస్తువు ఉంది’ అనే జవాబు వస్తే మీ చేతిలో ఉండేది ఆ ఫొటోనే.

రీఫండ్ ఇస్తామని ఒప్పుకుని, యాప్ వాలెట్‌లోనో కూపన్‌గానో వేస్తామంటే వద్దనండి. ఏ దారిలో కట్టారో ఆ దారిలోనే అడగండి. ‘రీఫండ్ అయిపోయింది’ అని చూపిస్తూ ఖాతాలో పడకపోతే కార్డుకి 23 అంకెల ఏఆర్ఎన్ నంబరు, యూపీఐకి 12 అంకెల ఆర్ఆర్ఎన్ నంబరు ఇవ్వమనండి. ఆ నంబరుతో బ్యాంకు సొమ్ము ఎక్కడ ఆగిందో చూడగలదు. నంబరు ఇవ్వలేకపోతున్నారంటే అసలు పంపలేదనే అనుమానించాలి.

సెల్లర్ ఎవరో కనిపెట్టడం

ప్లాట్‌ఫారమ్ మీద కనిపించే దుకాణం పేరు చాలాసార్లు ఉత్త బోర్డు. ఫిర్యాదుకు కావలసింది అసలు పేరు, చిరునామా. ఇన్‌వాయిస్ డౌన్‌లోడ్ చేసి జీఎస్‌టీ నంబరు చూడండి. అందులో 15 అక్షరాలు, అంకెలు ఉంటాయి. మొదటి రెండంకెలు రాష్ట్రం కోడ్: 36 అంటే తెలంగాణ, 37 ఆంధ్రప్రదేశ్, 29 కర్ణాటక, 27 మహారాష్ట్ర, 24 గుజరాత్, 07 ఢిల్లీ. ప్రభుత్వ జీఎస్‌టీ పోర్టల్‌లో లాగిన్ లేకుండానే ఆ నంబరు కొట్టి వెతకవచ్చు. చట్టబద్ధమైన పేరు, వ్యాపారం పేరు, రిజిస్ట్రేషన్ నడుస్తోందో రద్దయిందో కనిపిస్తాయి.

పెట్టె మీద అంటించిన లేబుల్‌ని చాలామంది పట్టించుకోరు. ప్యాక్ చేసి అమ్మే సరుకు మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, గరిష్ఠ ధర, వినియోగదారులు సంప్రదించాల్సిన వివరాలు ఉండి తీరాలని తూనికలు కొలతల నియమాలు చెబుతున్నాయి. అదీ దొరక్కపోతే ప్లాట్‌ఫారమ్‌కే రాతపూర్వకంగా అడగండి. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం, కొన్న తర్వాత వినియోగదారు రాసి అడిగితే సెల్లర్ ప్రధాన కార్యాలయం చిరునామా, ఈమెయిల్, వివాదం తేల్చుకోవడానికి కావలసిన మిగతా వివరాలు మార్కెట్‌ప్లేస్ ఇవ్వాల్సిందే. చాట్‌లో ఉండే అబ్బాయికి ఈ సంగతి తెలియకపోవచ్చు. ఫిర్యాదుల అధికారికి ఈమెయిల్ రాయండి.

ఆ అధికారి పేరు, ఈమెయిల్ యాప్‌లో ఎక్కడో అడుగున, నిబంధనల పేజీలో ఉంటాయి. ‘గ్రీవెన్స్ ఆఫీసర్’ అని వెతికితే దొరుకుతాయి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి అన్నది నియమం. వస్తువు పాడైనదైనా, నకిలీదైనా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా సెల్లర్ వెనక్కి తీసుకోననడానికి గానీ డబ్బు ఇవ్వననడానికి గానీ వీల్లేదని ఆ నియమాలే చెబుతున్నాయి. ‘నో రిటర్న్, నో రీఫండ్’ అని పేజీ మీద ఎంత పెద్ద అక్షరాలతో రాసుకున్నా లోపమున్న వస్తువు విషయంలో అది చెల్లదు.

ఈమెయిల్‌లో కోపం చూపించకండి, తేదీలు చూపించండి. ఇలా రాస్తే చాలు:

‘విషయం: ఆర్డర్ నంబరు ఫలానా, పాడైన మిక్సీకి రూ. 3,499 వాపసు. ఫలానా తేదీన మీ ప్లాట్‌ఫారమ్ మీద ఫలానా సెల్లర్ దగ్గర కొన్న మిక్సీ ఫలానా తేదీన అందింది. సీరియల్ నంబరు ఫలానా. స్విచ్ వేయగానే మోటారు నుంచి పొగ వస్తోంది. వీడియో జత చేశాను. ఫలానా తేదీన రిటర్న్ అడిగాను, టికెట్ నంబరు ఫలానా. సెల్లర్‌కి ఫలానా తేదీల్లో రాసినా జవాబు లేదు. వస్తువు తిరిగి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను. ఈ లేఖ అందిన 15 రోజుల్లో పూర్తి సొమ్ము నేను చెల్లించిన ఖాతాకే జమ చేయండి. లేకపోతే వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేస్తాను.’

‘తిరిగి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను’ అన్న వాక్యాన్ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకండి. ఎందుకో కార్డుల దగ్గర చెబుతాం. ఇదే లేఖను సెల్లర్ చిరునామాకి స్పీడ్ పోస్టులో కూడా పంపండి. రిజిస్టర్డ్ పోస్టును తపాలా శాఖ 2025లో స్పీడ్ పోస్టులో కలిపేసింది. డెలివరీ అయినట్టు చూపే ట్రాకింగ్ పేజీని పీడీఎఫ్ చేసి దాచుకోండి. ‘చిరునామాలో ఎవరూ లేరు’ అని కవరు తిరిగొస్తే అదీ ఆధారమే, చింపకుండా అలాగే ఉంచండి.

బ్యాంకు దారి

క్రెడిట్ కార్డుతోనో డెబిట్ కార్డుతోనో కట్టినవాళ్ల చేతిలో ఇంకో ఆయుధం ఉంది: చార్జ్‌బ్యాక్. ‘వస్తువు లోపభూయిష్టం, అమ్మినవాడు స్పందించడం లేదు’ అని బ్యాంకులో వివాదం నమోదు చేస్తే, బ్యాంకు ఆ సొమ్మును అమ్మినవాడి బ్యాంకు నుంచి వెనక్కి అడుగుతుంది. వీసా, మాస్టర్‌కార్డ్ నిబంధనల్లో ఇలాంటి వాటికి సాధారణంగా 120 రోజుల గడువు ఉంటుంది. బ్యాంకులు లోపల ఇంకా తక్కువ పెట్టుకుంటాయి కాబట్టి మొదటి నెల దాటనివ్వకండి. చార్జ్‌బ్యాక్‌లు ఎక్కువగా దెబ్బతినేది ఒకే చోట. వస్తువును తిరిగి ఇచ్చినట్టో, ఇవ్వడానికి ప్రయత్నించినట్టో చూపించలేకపోవడం. పైన లేఖలో ఆ వాక్యం అందుకే.

వివాదం నడుస్తోంది కదా అని ఈఎంఐ కట్టడం ఆపేయకండి. సెల్లర్‌కి ఏమీ కాదు, సిబిల్ స్కోరు మీది పడిపోతుంది.

యూపీఐలో చార్జ్‌బ్యాక్ ఇంత సులువు కాదు. డబ్బు ఇష్టపూర్వకంగానే పంపారు, లావాదేవీ సరిగ్గానే జరిగింది అంటుంది బ్యాంకు. అయినా యాప్‌లో ఆ లావాదేవీ తెరిచి ఫిర్యాదు నమోదు చేసి, నంబరు ఉంచుకోండి. బ్యాంకు మీ ఫిర్యాదుకి 30 రోజుల్లో జవాబివ్వకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో రాయవచ్చు. అయితే అంబుడ్స్‌మన్ చూసేది బ్యాంకు తన పని చేసిందా లేదా అన్నదే. మిక్సీ మంచిదా కాదా అన్నది అక్కడ తేలదు. క్యాష్ ఆన్ డెలివరీ అయితే ఈ దారి అసలు లేదు, నేరుగా ప్లాట్‌ఫారమ్ మీద పడాలి.

ఒక హెచ్చరిక. సెల్లర్ పలకడం లేదని గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతకడమే పెద్ద ప్రమాదం. అక్కడ తగిలే నంబర్లలో దొంగలవి చాలా ఉంటాయి. ‘రీఫండ్ ఇస్తున్నాం, ఈ యాప్ వేసుకోండి, పిన్ కొట్టండి’ అంటారు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పిన్ అడిగారంటే మీ డబ్బు పోబోతోందని అర్థం. పోయిందని తెలిసిన వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. సొమ్ము చేతులు మారేలోపు ఆ ఖాతాను ఆపగలిగితేనే ఆశ.

1915

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. తెలుగులోనే మాట్లాడవచ్చు. వాట్సాప్‌కి 8800001915 ఉంది, వెబ్‌సైటు, యాప్ కూడా ఉన్నాయి. ఖర్చేమీ లేదు. ఆర్డర్ నంబరు, తేదీ, మొత్తం, ప్లాట్‌ఫారమ్ టికెట్ నంబరు దగ్గర పెట్టుకుని చేయండి. ఫిర్యాదు నమోదయ్యాక డాకెట్ నంబరు వస్తుంది.

ఇక్కడొక కిటుకు ఉంది. కంపెనీ పేరు అడిగినప్పుడు ఊరూపేరూ లేని సెల్లర్ పేరు కాకుండా ప్లాట్‌ఫారమ్ పేరు చెప్పండి, సెల్లర్ పేరు వివరాల్లో రాయించండి. పెద్ద ప్లాట్‌ఫారమ్‌లు, బ్రాండ్లు చాలావరకు హెల్ప్‌లైన్‌తో నేరుగా కలిసి పనిచేస్తాయి. ఫిర్యాదు వాళ్ల లోపలి బృందానికి చేరుతుంది, చాట్‌లో నెల తిరిగినా కదలనిది ఇక్కడ తరచుగా కదులుతుంది. చిన్న సెల్లర్ పేరు పెడితే ఆ ఫిర్యాదు ఎవరి బల్ల మీదా పడదు. ‘సమస్య పరిష్కరించాం’ అని కంపెనీ అబద్ధపు జవాబు పెడితే అదే డాకెట్ నంబరుతో మళ్లీ ఫోన్ చేసి డబ్బు రాలేదని చెప్పండి. హెల్ప్‌లైన్‌కి తీర్పు చెప్పే అధికారం మాత్రం లేదు. మధ్యవర్తిత్వం వరకే దాని పని.

ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ దుకాణాలు

ఇక్కడ రిటర్న్ బటన్ ఉండదు, ఫిర్యాదుల అధికారీ ఉండడు. పట్టుచీర అని పంపింది పాలిస్టర్ అయితే అడిగేందుకు మిగిలేది ఆ ఒక్క వాట్సాప్ నంబరే. అందుకే బ్లాక్ చేయకముందే ఆధారాలు పోగేయండి: పేజీ పేరు, చీర పోస్టు, ధర చెప్పిన చాట్, డబ్బు పంపినప్పుడు యూపీఐ యాప్‌లో కనిపించిన ఖాతాదారు పేరు, కొరియర్ లేబుల్ మీద పంపినవారి చిరునామా. పేజీ పేరు రేపు మారవచ్చు, యూపీఐలో కనిపించే పేరు బ్యాంకు ఖాతాది కాబట్టి అంత తేలిగ్గా మారదు. ఆ పేరు, లేబుల్ మీది చిరునామా కలిస్తే నోటీసు పంపడానికి మనిషి దొరికినట్టే.

అసలు వస్తువే పంపకుండా ఫోన్ ఆపేసినవాడి కథ వేరు. అది నాసిరకం సరుకు గొడవ కాదు, మోసం. ఆ డబ్బు కోసం 1930కి, సైబర్ క్రైమ్ పోర్టల్‌కి వెళ్లాలి. ఈ రెంటినీ కలగలిపి రాస్తే పోలీసులు ‘కన్జ్యూమర్ కోర్టుకి పోండి’ అంటారు.

వినియోగదారుల కమిషన్

15 రోజుల గడువు దాటి, 1915 వల్లా కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 3,499 రూపాయల మిక్సీకి కోర్టేమిటని వెనకాడతారు గానీ, చెల్లించిన ధర 5 లక్షల లోపుంటే ఫీజు సున్నా. లాయరు తప్పనిసరి కాదు. సెల్లర్ గుజరాత్‌లో ఉన్నా ఫిర్యాదు మీరు ఉండే జిల్లాలోనే వేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం తెచ్చిన పెద్ద మేలు ఇదే. ‘వివాదాలన్నీ ఫలానా నగర న్యాయస్థానాల్లోనే’ అని నిబంధనల్లో రాసుకున్నా ఆగక్కర్లేదు. మధ్యవర్తి (ఆర్బిట్రేషన్) ఒప్పందం ఉందన్నా వినియోగదారుల కమిషన్ తలుపు మూసుకుపోదని సుప్రీంకోర్టు 2018లోనే తేల్చింది.

ఫిర్యాదు ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్‌లో వేయవచ్చు. 2025 జనవరి 1 నుంచి అదే నడుస్తోంది. పాత వ్యాసాల్లో కనిపించే ఈ-దాఖిల్‌ని అందులోనే కలిపారు. అప్‌లోడ్ చేయాల్సినవి: పేజీ నంబర్లతో సూచిక, తేదీల పట్టిక, ఫిర్యాదు, అఫిడవిట్, ఇన్‌వాయిస్, డబ్బు కట్టిన ఆధారం, ఈమెయిళ్లు, పోస్టు రసీదు, జాబ్ షీట్. మసకగా స్కాన్ చేసిన కాగితాలు, సంతకం లేని అఫిడవిట్ వల్లే ఎక్కువ ఫిర్యాదులు లోపాలున్నాయని వెనక్కి వస్తాయి. విచారణకు వీడియోలో హాజరయ్యే వీలుందేమో అడగండి.

ప్రతివాదులుగా ముగ్గురినీ చేర్చండి: ప్లాట్‌ఫారమ్, సెల్లర్, తయారీదారు. ‘మేం మధ్యవర్తులం మాత్రమే’ అని ప్లాట్‌ఫారమ్ తప్పకుండా వాదిస్తుంది, ఆ వాదన తేల్చాల్సింది కమిషన్, మీరు కాదు. అడిగేది ధర, దాని మీద వడ్డీ, మనోవేదనకు కొంత, ఖర్చులకు కొంత. మిక్సీకి 10 లక్షల నష్టపరిహారం అడిగితే అసలు ఫిర్యాదే చులకనవుతుంది.

అమెరికాలో ఉన్న అబ్బాయి ఊళ్లో అమ్మానాన్నల కోసం ఆర్డర్ పెట్టిన సందర్భాలు మన దగ్గర ఎక్కువ. బిల్లు కొడుకు పేరు మీదున్నా, కొన్నవారి అనుమతితో వస్తువు వాడేవాళ్లూ చట్టం దృష్టిలో వినియోగదారులే. అమ్మ పేరుతోనే ఫిర్యాదు వేయవచ్చు. ‘ఇది మా అమ్మానాన్నల కోసం కొన్నాను’ అని కొడుకు నుంచి ఒక ఈమెయిల్ జత చేయండి. కార్డు వివాదం మాత్రం కార్డున్నవాళ్లే వేయాలి.

నోటీసు అందాక అవతలివాళ్లు 30 రోజుల్లో, మహా అయితే ఇంకో 15 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి. ఈ 45 రోజులు దాటితే కమిషన్ కూడా గడువు పెంచలేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో చెప్పింది. చిన్న సెల్లర్లు చాలామంది రానే రారు, అప్పుడు మీ ఆధారాల మీదే తీర్పు వస్తుంది. చట్టం మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో తేల్చమంటుంది. నిజానికి అంతకన్నా ఎక్కువే పడుతుంది, ఆ లెక్కతోనే మొదలుపెట్టండి. పెద్ద ప్లాట్‌ఫారమ్‌లు కొన్ని నోటీసు అందగానే రాజీకి వస్తాయి. అప్పుడు సొమ్ము ఖాతాలో పడ్డాకే ఫిర్యాదు ఉపసంహరించుకోండి, మాట మీద కాదు.

ఉత్తర్వు వచ్చినా డబ్బు దానంతట అది రాదు. అప్పీలుకు 45 రోజుల గడువు ఉంటుంది. అప్పీలు చేసేవాళ్లు కట్టమన్న సొమ్ములో సగం ముందు జమ చేయాలి. ఆ గడువు దాటినా చెల్లించకపోతే అదే కమిషన్‌లో అమలు పిటిషన్ వేయండి. అదే చట్టం సెక్షన్ 71 కింద ఉత్తర్వును సివిల్ కోర్టు డిక్రీలా (తీర్పులా) అమలు చేయించవచ్చు. సెక్షన్ 72 కింద నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా 25 వేల నుంచి లక్ష దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. రెండు సెక్షన్ల కిందా అడగవచ్చు. ఉత్తర్వు ధృవీకృత నకలు, మీ బ్యాంకు ఖాతా వివరాలు జత చేయడం మర్చిపోకండి.